ట్రూయిట్ షెడ్డులో ఆగిన ఫ్యాన్లు

మల్సున్‌కి తన చెవులే పగవాళ్ళయ్యాయి. స్నానం చేస్తూ చేస్తూ మధ్యలో కుళాయి కట్టేసి వింటుంది. గిన్నెలు తోముతూ చెయ్యి ఆపి వింటుంది. ఇంటి వెనక నాలుగు కోళ్ళ షెడ్లు, ఒక్కో షెడ్డు చివర మనిషికన్నా ఎత్తైన ఫ్యాన్లు. అవి మోగుతున్నాయా లేదా, అంతే ఆవిడకి కావలసింది. వేసవిలో ఫ్యాన్లు ఆగితే బాగా ఒళ్ళొచ్చిన కోడి అరగంట కూడా తట్టుకోదు.

"నీ పెళ్ళి నాతో అయిందా, ఫ్యాన్లతో అయిందా?" అని మొగుడు తెక్సు ఏడిపించేవాడు.

"ఫ్యాన్లయితే ఆగినప్పుడు తెలుస్తుంది. మీరు నడుస్తున్నారో ఆగిపోయారో ఇన్నేళ్ళయినా నాకు తెలియలేదు," అనేది మల్సున్. అంటూనే మళ్ళీ చెవి అటు పడేసేది.

వాళ్ళు కొరియానుంచి వచ్చి, మేరీలాండ్‌లో మా వైపుకి రాకముందు న్యూయార్కులో ఇస్త్రీ దుకాణం నడిపారు. ఆవిరి పెట్టె ముందు నిలబడి నిలబడి మల్సున్ కాళ్ళ నరాలు ఉబ్బిపోయాయి, తెక్సుకి దగ్గు పట్టుకుంది. పల్లెలో కోళ్ళు పెంచుకుంటే సుఖంగా ఉంటుందని చర్చిలో ఎవరో అన్నారు. దుకాణం అమ్మిన డబ్బు సరిపోలేదు, బ్యాంకు హామీ అడిగింది. మల్సున్ అక్క ఒక్సిమ్ న్యూయార్కులోనే ఫ్లషింగ్ పేటలో ఉన్న తన ఇల్లు హామీగా రాసిచ్చింది. మొగుడు పోయాక ఒంటరిగా చేపల కొట్టులో చేపలు కోసి, చలికి వేళ్ళు వంకర్లు పోయి, ఆ వేళ్ళతో సంపాదించిన ఇల్లది. సంతకం పెడుతూ ఒక్సిమ్ అడిగింది ఒక్కటే: "అక్కడ గాలి బావుంటుందటగా, నిజమేనా?" గాలి సంగతి దేవుడెరుగు, కోడి పెంట కంపు మాత్రం దిండులోకి కూడా దూరుతుంది.

కోళ్ళు పెంచేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ళకి చెప్పాలి. కోడిపిల్లలు కంపెనీవి, మేత కంపెనీది, మందులు కంపెనీవి. షెడ్లు మనవి, అప్పు మనది, చచ్చిన కోళ్ళు ఏరే పని మనది. పెరిగిన బ్యాచ్‌ని కంపెనీ ఎత్తుకెళ్ళాక, ఆ వారం కోళ్ళిచ్చిన వాళ్ళందరి లెక్కలూ పక్కపక్కన పెట్టి తూస్తారు. తక్కువ మేతతో ఎక్కువ బరువు తెచ్చినవాడు పైన, తేలేనివాడు అడుగున. అడుగువాడి కూలిలో కోత వేసి పైవాడికి కలుపుతారు. అందరూ బాగా పెంచినా సరే, ఎవడో ఒకడు అడుగున పడాల్సిందే. యోమ్ వాళ్ళు, అంటే మల్సున్ తెక్సు వాళ్ళు, వరసగా రెండుసార్లు అడుగున పడ్డారు.

"మూడోసారి కూడా పడితే మీ షెడ్లలో పిల్లలు దింపడం కష్టం," అన్నాడు సూపర్వైజరు, చల్లగా నవ్వుతూ, ఆవిడ ఇచ్చిన బార్లీ టీ తాగుతూనే. పిల్లలు దింపకపోతే వాయిదా కట్టలేరు. వాయిదా కట్టకపోతే బ్యాంకు ముందు షెడ్లమీద పడుతుంది, తర్వాత అక్క ఇంటిమీద పడుతుంది.

పొలానికి అవతలివైపు రస్సెల్ ట్రూయిట్ షెడ్లు. తాతల కాలంనుంచీ అక్కడే ఉన్న తెల్లవాడు. ఆయనకీ అదే కంపెనీ, అవే పిల్లలు, అదే మేత. బ్యాచ్‌కి చేతికొచ్చేదీ ఇంచుమించు అంతే. ఎవరైనా పెద్ద చదువుల బాబు వచ్చి ఇద్దరి రాబడీ అడిగితే, "కొరియావాళ్ళూ తెల్లవాళ్ళూ ఇక్కడ సరిసమానం, భేష్!" అని రాసుకుపోతాడు. రాసుకోనీ, మనకేం! ఆ రాబడికి ట్రూయిట్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి షెడ్లు చుట్టి, మిగతా పొద్దంతా పడవలో కూర్చుని పీతలు పట్టేవాడు. ఇక్కడ మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పగలంతా షెడ్లలోనే. ఆయన షెడ్లు నాన్న కట్టినవి, పాతవి, అప్పు ఎప్పుడో తీరిపోయింది. ఆయన భార్య మార్లాకి బడి ఆఫీసులో ఉద్యోగం, ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ఆ ఉద్యోగంతో వచ్చే బీమాయే చూసుకుంటుంది. కిందటి చలికాలం తెక్సు మేత డబ్బా నిచ్చెన మీంచి పడితే మణికట్టుకి చెక్కముక్క కట్టుకుని, చర్చిలో సూదులు పొడిచే పెద్దాయన దగ్గర కూర్చున్నాడు. వీళ్ళకి బీమా లేదు, బిల్లు తలుచుకుని ఆసుపత్రి గుమ్మం ఎక్కడానికి భయం. ఎముక వంకరగానే అతికింది. 

అయినా ఊళ్ళో పేరు మాత్రం వీళ్ళదే. "మీ కొరియావాళ్ళకేమయ్యా, డబ్బు మూటలతో దిగుతారు!" అనేవాడు ట్రూయిట్, వీళ్ళ కొత్త ట్రక్కు తలుపు మీద తట్టి. ఆ ట్రక్కు కూడా అప్పుదే. ఆయనదేమో తుప్పుపట్టిన డొక్కు బండి, కానీ పూర్తిగా ఆయనదే.

జూలైలో, బ్యాచ్ ఎత్తడానికి ఇంకొద్ది రోజులుందనగా, మల్సున్ ఎప్పటిలాగే తెక్సుతో తెల్లవారుజామున ప్రార్థనకి వెళ్ళింది. మా కొరియావాళ్ళ చర్చి ఒకప్పటి టైర్ల దుకాణం, ఇప్పటికీ వానొస్తే రబ్బరు వాసన. మా ప్రార్థన నోట్లో గొణుక్కునేది కాదు. ముందు అందరూ కలిసి "ప్రభువా!" అని మూడుసార్లు కేక పెడతారు. ఆ తర్వాత ఎవరి గోడు వాళ్ళు గొంతెత్తి, గుండెలు బాదుకుని, అంతా ఒకేసారి చెప్పుకుంటారు. ఆ హోరులో పక్కవాడు ఏం అడుగుతున్నాడో ఎవరికీ వినబడదు. ఎన్ని సిగ్గుమాలిన కోరికలైనా అడగొచ్చు.

మల్సున్ కూడా అరిచింది. "ప్రభువా, ఎవరో ఒకరు అడుగున పడాలి గదా! ఈసారి ట్రూయిట్ పడితే ఏం పోయింది? ఆయనకి పెళ్ళాం జీతం ఉంది, పొలం ఉంది. మాకేం ఉంది? ఆయన కోళ్ళకి ఏదన్నా చెయ్యి. అవి చచ్చినా సరే, మా అక్క ఇల్లు నిలబెట్టు."

అనేశాక ఆవిడే ఉలిక్కిపడి చేత్తో నోరు మూసుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఎండ పేలిపోయింది. తెక్సు ఫ్యాను బెల్టు కోసం సాలిస్‌బరీ టౌనుకి వెళ్ళాడు. ట్రూయిట్ వాళ్ళు మనవల్ని తీసుకుని సముద్రానికి వెళ్ళడం మల్సున్ వంటింటి కిటికీలోంచి చూసింది. ఉన్నట్టుండి పడమటి ఆకాశం నల్లబడి పెనుగాలి లేచింది. ఎక్కడో చెట్టు విరిగిన చప్పుడు. కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగిపోయాయి.

మల్సున్ గుమ్మంలోకి పరిగెత్తింది. అంతలోనే జనరేటరు గుర్రుమంది, ఫ్యాన్లు మళ్ళీ తిరిగాయి. "అమ్మయ్య!" అంటూ గడపమీదే కూలబడింది.

అప్పుడు వినిపించింది, పొలం అవతల ట్రూయిట్ జనరేటరు రెండుసార్లు దగ్గి ఆగిపోవడం. కాసేపటికి ఆయన షెడ్డు మీద ప్రమాదం గంట మోగడం మొదలైంది. ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా మోగుతోంది. మల్సున్ ట్రూయిట్‌కి ఫోన్ చేసింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

ఇప్పుడు ఆవిడ ఏ పాపమూ చెయ్యక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. ఉరుముల్లో వినబడలేదంటే ఎవరు కాదంటారు? ట్రూయిట్ అడుగున పడతాడు, వీళ్ళు ఒక మెట్టు పైకెక్కుతారు, అక్క ఇల్లు నిలుస్తుంది. కానీ దేవుడు ఇంత తొందరగా, ఇంత మాటకి మాటగా వింటాడని ఆవిడ అనుకోలేదు. ఇలాంటివి ఇచ్చేవాడు, రేపు ఆవిడ దగ్గర ఏం అడుగుతాడో! కాలేజీలో ఉన్న కూతురు సోయోన్ గుర్తొచ్చింది.

"వద్దు, వద్దు! నేను ఊరికే అన్నాను! నోరు జారాను!" అని ఆకాశంకేసి అరుస్తూ రబ్బరు చెప్పులతోనే సోయా చేలో పడి పరిగెత్తింది. ఒక చెప్పు బురదలో దిగబడితే వదిలేసింది. ట్రూయిట్ కుక్కంటే ఆవిడకి హడలు, అది ఉరుములకి అరుగు కింద దూరి ముడుచుకుంది.

షెడ్డు తలుపు తియ్యగానే వేడి మొహానికి కొట్టింది. కోళ్ళన్నీ నోళ్ళు తెరుచుకుని, ఒకదానిమీద ఒకటి గుట్టలుగా పక్కలకి అతుక్కుపోయాయి. ఆ పాత షెడ్లకి గోడలకి బదులు పక్కల పరదాలే. వాటిని చేత్తో తిప్పి దించాలి. పిడి తుప్పుపట్టి బిగుసుకుంది. మల్సున్ ఒళ్ళంతా దానిమీద వేసి తిప్పింది. అరచేతుల తోలు లేచిపోయింది. పరదా జానెడు దిగింది, తర్వాత మూరెడు, ఆపైన గాలి లోపలికి విసురుగా వచ్చింది. ఆవిడ కోళ్ళ మధ్యకి దిగి గుట్టలు చెదరగొడుతూ, "లేవండే! లేచి ఊపిరి తీసుకోండే! నా కొంప ముంచకండే!" అని ఏడుస్తూ అటూ ఇటూ తిరిగింది. ఆ తర్వాత రెండో షెడ్డుకి పరిగెత్తింది.

ట్రూయిట్ వాళ్ళు వచ్చేసరికి కొన్ని పోయాయి, చాలావరకు బతికాయి.

తెక్సు ఆవిడ అరచేతులకి మందు రాస్తూ ముందు నమ్మలేదు, తర్వాత మండిపడ్డాడు. "సోయోన్ వాళ్ళమ్మా, నీకు మతి పోయిందా? వాడు పడితే మనం లేచేవాళ్ళం!"

"తెలుసు."

"తెలిసే వెళ్ళావా?"

"వాటిని చంపమని దేవుణ్ణి అడిగింది నేనేనండీ. పొద్దున్నే, మీ పక్కన నిలబడే."

తెక్సు మందు సీసా మూత పెట్టి బయటికెళ్ళిపోయాడు.

బ్యాచ్ ఎత్తారు, తూచారు. యోమ్ వాళ్ళు అడుగున, వాళ్ళకి ఒక్క మెట్టు పైన ట్రూయిట్. సూపర్వైజరు ఈసారి టీ తాగలేదు. "మీకు ఇంక పిల్లలు దింపలేం. కొత్తవాళ్ళెవరైనా ఈ షెడ్లు కొనుక్కుంటే వాళ్ళకి దింపుతాం," అని గుమ్మంలోనే చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే ట్రూయిట్ బుట్టనిండా పీతలు తెచ్చాడు. "ఎందుకమ్మా మిసెస్ యోమ్, అంత ప్రాణాలమీదికి తెచ్చుకున్నావ్? పోతే పోయేవి! ఈ చలికాలానికి ఎలాగూ షెడ్లు మూసేస్తున్నా. మార్లాకి పెన్షనొస్తోంది. ఒక బ్యాచ్ పోతే నాకేం, నెల్రోజులు చిరాకు, అంతే!"

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని ఊరికే అన్నారా! ఆయన మంచివాడే, ఆ మాట మంచిగానే అన్నాడు. మల్సున్‌కి మాత్రం ఆ బుట్ట ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. "థాంక్యూ" అని చెప్పి తలుపు వేసుకుంది.

షెడ్లు అమ్మితేగాని గతిలేదు. తెక్సు చర్చివాళ్ళ ద్వారా ఒక కుర్ర జంటని పట్టాడు. ఫ్లషింగ్‌లో లాండ్రీ అమ్మేసినవాళ్ళు, చూడటానికి వస్తామన్నారు. వాళ్ళ కారులోనే ఒక్సిమ్ కూడా చెల్లెల్ని చూడటానికి వచ్చింది. అలిసిపోయాం, అందుకే అమ్ముతున్నాం అని మాత్రమే ఒక్సిమ్‌కి తెలుసు. రెండుసార్లు అడుగున పడ్డ సంగతి గానీ, మూడోసారి సంగతి గానీ ఎవరూ చెప్పలేదు.

"నువ్వు నోరు మూసుకుని నూడుల్స్ వడ్డించు, చాలు. ఈ బేరం కుదిరితే మీ అక్క ఇల్లు బయటపడుతుంది," అని తెక్సు పొద్దున్నే చెవిలో పోశాడు. ఇప్పుడు కుర్రాణ్ణి షెడ్లు చూపించడానికి తీసుకెళ్ళాడు. వంటింట్లో ఒక్సిమ్ ఆ వంకర వేళ్ళతోనే కీరకాయ సన్నగా తరుగుతోంది. కుర్రాడి భార్య యున్‌బి చల్లటి సోయాపాలలో నూడుల్స్ కలుపుకుని ఆబగా తింటోంది.

"ఎంత ప్రశాంతంగా ఉందో అక్కా ఇక్కడ! మా అమ్మ కూడా ధైర్యం చేసింది. తన ఇల్లు హామీ పెడతానంది. అమ్మకి అదొక్కటే ఉంది."

"అమ్మలూ అక్కలూ అందుకే గదమ్మా ఉన్నది!" అని ఒక్సిమ్ నవ్వింది. "నేనూ మా చెల్లికి అలాగే పెట్టాను. ఏమైంది? రాయిలా ఉంది నా ఇల్లు."

యున్‌బి గిన్నె కింద పెట్టి మల్సున్ మొహంలోకి చూసింది. "నిజంగా చెప్పక్కా. లాండ్రీలో ఉన్నన్నాళ్ళూ భయంతో నాకు కంటిమీద కునుకుండేది కాదు. ఇక్కడ నిద్ర పడుతుందా?"

"ఎందుకు పట్టదూ!" అంది ఒక్సిమ్.

బయట తెక్సు గొంతు వినిపిస్తోంది, ఏదో చెప్పి కుర్రాణ్ణి నవ్విస్తున్నాడు. మల్సున్ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఒక్క మాట, పడుతుందని అంటే సరిపోతుంది.

"పట్టదమ్మా," అంది. "ఒక్కరోజు కూడా పట్టలేదు. మేం అమ్ముకుని పోవడం లేదు, మమ్మల్ని గెంటేశారు. కొనకండి. మీ అమ్మ ఇల్లు పెట్టకండి."

యున్‌బి లేచి మొగుణ్ణి పిలుస్తూ బయటికి పరిగెత్తింది. ఒక్సిమ్ చేతిలో కత్తి కీరకాయ మధ్యలో ఆగింది. చెల్లెలి మొహం, ఆ అరచేతుల మీది పుళ్ళు చూసింది.

"మరి నా ఇల్లే?" అంది.