గోడకు ఎక్కని కొంగ

కల్లూరులో మా ఇంటి ఓనర్ల కోడలు అంజుమ్ పెయింటింగులు వేస్తుంది. మా ఊళ్ళో కొత్తగా కట్టిన ఏ ఇంట్లోనైనా సోఫా వెనక గోడ మీద నీలం, బంగారం రంగులు కలిసి పారినట్టుండే పటం కనిపిస్తే అది ఆమె చేతిదే. మనిషి ఉండడు, పిట్ట ఉండదు, ఉత్త రంగులు. ఇదేంటని అడిగితే ఇంటివాళ్ళు మొహమొహాలు చూసుకుని, సోఫాకు మ్యాచింగ్ అంటారు.

ఆమె భర్త అజారుద్దీన్‌ది ఫర్నిచర్ షాపు. ముందు షాపు, వెనక వాళ్ళిల్లు, పైన కిరాయికి నేను. అంజుమ్ పుట్టిల్లు కొత్తగూడెం, డిగ్రీ చదివిందీ అక్కడే. పెళ్ళయ్యాక ఇక్కడ ఏదైనా స్కూల్లో డ్రాయింగు చెబుతానంది. మనకేం తక్కువని బయటికి పోవాలి, ఇంట్లోనే వేసుకో, నేను అమ్మిపెడతా అన్నాడతను. ఎంత మంచి మొగుడని వీధి వీధంతా మెచ్చుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆమెకిచ్చిన గది చూస్తే మీకూ మండుతుంది. గోదాము పక్కన ఇరుకు గది, ఉన్న ఒక్క కిటికీకి అడ్డంగా ప్లైవుడ్ షీట్లు పేర్చారు. పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సిందే.

యాక్రిలిక్ రంగుల్లో ఫెవికాలూ నీళ్ళూ కలిపి పల్చన చేసి కాన్వాసు మీద పోస్తుంది. తర్వాత రెండు చేతులా పట్టుకుని, పళ్ళెంలో చారు వంచినట్టు అటూ ఇటూ వంచుతుంది. రంగులు ఎటు పారితే అటు. మొదట్లో అలా నీలం, బంగారం కలిసి ఒకటి కుదిరింది. సోఫా సెట్టుతో పాటు ఎవరో కొనుక్కుపోయారు. ఇక అప్పట్నుంచి వచ్చినవాళ్ళందరికీ అదే కావాలి, అచ్చం అలాంటిదే. వేరే రంగు ముట్టుకుంటే అజారుద్దీన్ ఊరుకోడు.

"నీలం రంగు డబ్బా మూత తియ్యబుద్ధి గాదక్కా" అంది ఒకరోజు.

అందుకే ముందుగదిలో ఒక గోడ తనకు ఇమ్మని అడిగింది. షాపు కోసం కాకుండా, ఎవరి సోఫా కోసమూ కాకుండా, తనకు నచ్చింది ఒక్కటి ఆ గోడ మీద ఉండాలి. ఆమె కోరిక అంతే. అమ్మీ ఒప్పుకుంటే నాకేం అన్నాడు అజారుద్దీన్.

అమ్మీ అంటే అంజుమ్ అత్త, ఫజిలత్. ప్రాణమున్నదాని బొమ్మ ఉన్న ఇంటికి ఫరిష్తాలు, అదే దేవదూతలు, రారని ఆమె నమ్మకం. నమాజు చేసుకునేది ఆ ముందుగదిలోనే. అందులో తప్పుపట్టడానికేం లేదు, అంజుమ్‌కూ అదే నమ్మకం. గొడవంతా ముసలామె చూసే చూపుతోనే. గోడ కోసమని అంజుమ్ తెచ్చిన ప్రతి కాన్వాసు ముందూ కుర్చీ వేసుకుని కూర్చుని, తలలో పేలు చూసినట్టు చూసేది. ఒకసారి మూలన చేప ఉందంది. ఇంకోసారి ఎవరో ఆడమనిషి వెనక్కి తిరిగి నిలబడిందంది. నేను కళ్ళు చిట్లించి చూసినా నాకేం కనపడలేదు. అంజుమ్ దాని మీద మళ్ళీ రంగు పోసేది.

ఎండాకాలంలో ఒకటి కుదిరింది. బూడిదరంగు, ఎర్రమట్టి రంగు, మధ్యలో తెల్లటి జాడ. అంజుమ్ మెట్లెక్కి వచ్చి నన్ను చెయ్యిపట్టి లాక్కెళ్ళి మరీ చూపించింది. ఆ పిల్ల మొహం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. ఫజిలత్ చాలాసేపు చూసి, ఆ తెలుపు మీద వేలు పెట్టింది.

"కొంగ. నీళ్ళల్ల నిలబడ్డది. కన్ను గూడ ఉంది."

అంజుమ్ కాన్వాసు లోపలికి తీసుకెళ్ళింది. గోడలకు వేయగా మిగిలిన తెల్లరంగు వెడల్పాటి బ్రష్షుతో అంచు నుంచి అంచు దాకా పూసేసింది. కోపంతోనే పూసింది. ఆరాక తెచ్చి అత్త ముందు పెడితే, ఇందులో ఏమీ లేదని ఆమె ఒప్పుకుంది. అజారుద్దీన్ సంబరంగా మేకు కొట్టి తగిలించాడు. గోడ మీద ఇంకో గోడ. చుట్టాలు చూసి చాలా డీసెంటుగా ఉందన్నారు. చాయ్ ఇవ్వడానికి ఆ గదిలోకి వచ్చినా అంజుమ్ అటు తలెత్తేది కాదు.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం మోటరు వేయమని చెప్పడానికి కిందికి దిగాను. ఎప్పుడూ అంజుమ్ రంగుల గది వైపు రాని ఫజిలత్ గుమ్మంలో నిలబడి ఉంది. కోడల్ని ఉర్దూలో ఏదో బతిమాలుతున్నదల్లా నన్ను చూసి తెలుగులోకి మారింది.

"నువ్వన్న చెప్పు బిడ్డా. ఆ కొంగది మళ్ళ ఏయమను. గోడకొద్దు. నా మంచం కింద బోర్లేసి పెట్టుకుంట."

ఎందుకు పెద్దమ్మా అన్నాను.

"మా అమ్మగారిల్లు భద్రాచలం అవతల, గోదారి ఒడ్డు. పొద్దుగాల కొంగ గట్లనే నిలబడేది. అమ్మానాయిన పోయినంక గోదారి మొకం చూడలే."

భద్రాచలం ఎంత దూరమని, బస్సెక్కితే పూటలో పోవచ్చు కదా అన్నాను. పోవచ్చు అందామె. ఆ మాట పోయే మనిషి అన్నట్టు లేదు.

తప్పులు వెతుకుతోందని ఇన్నాళ్ళూ ఆమెను తిట్టుకున్నాను. ఈ ఊళ్ళో అంజుమ్ పటాలను కళ్ళారా చూసింది ఆమె ఒక్కతే. తను చూసినదాన్ని నమాజు గదిలో ఉంచలేక చెరిపించింది.

"ఆ కొంగను నేనెయ్యలే అమ్మీ. అదే వచ్చింది. రమ్మంటే రాదు" అంది అంజుమ్.

అంటూనే రంగులు కలిపింది. బూడిద, ఎర్రమట్టి, తెలుపు. ముసలామె డబ్బా బోర్లించుకుని పక్కనే కూర్చుంది. కాన్వాసు ఎంత వంచినా తెలుపు తెలుపుగానే పారింది. నీలంది ఆరిందా, కొనే పార్టీ వచ్చిందని షాపులోంచి అజారుద్దీన్ కేకేశాడు. ఇద్దరూ కాన్వాసు మీంచి తల తిప్పలేదు.

ఆ తర్వాత రోజూ ఇదే వరస. మొన్న సాయంత్రం అంజుమ్ పైకి వచ్చి మెట్ల మీద కూర్చుంది. చేతులకు రంగు కూడా కడుక్కోలేదు.

"నాకు భయమైతుందక్కా. రేపు నా కోడలు రంగు పోస్తుంటే, నేను గూడ గట్లనే కూసోని అండ్ల కొత్తగూడెం ఎతుక్కుంటనేమో."

కింద నుంచి ఫజిలత్ పిలిచింది, రంగు ఆరిపోతోంది, జల్దీ వచ్చి ఇంకొంచెం వంచమని. అంజుమ్ చున్నీతో కళ్ళు తుడుచుకుని దిగి వెళ్ళింది.