ఏడుపు ఎడమ పక్క, నవ్వు కుడి పక్క

ఆ రోజుల్లో మా పలాస చుట్టుపక్కల మనిషి గొప్పతనాన్ని అతని గొంతు ఎంత దూరం పోతుందన్న దాన్నిబట్టి కొలిచేవారు. ఆ లెక్కన మా మావ చాలా పెద్దమనిషి. ఎందుకంటే మైకుసెట్టు ఆయనది. పెళ్ళైనా, రావివలసలో తీర్థమైనా, జీడిపప్పు ఫ్యాక్టరీ ప్రారంభమైనా మా మావ హారన్లు చెట్టెక్కాల్సిందే. ఒకసారి పలాసలో ఆయన హారన్ కట్టి "హలో... హలో..." అన్నాడట. సుమ్మాదేవి స్టేషన్లో పాసింజరు బండి తననే పిలుస్తున్నారనుకుని ఆగిపోయిందట. జనం అలా చెప్పుకునేవారు. (చెప్పుకున్నది నేనే. అయినా బండి ఆగిన మాట నిజం. ఆ స్టేషన్లో అది రోజూ ఆగుతుంది.)

చెట్టెక్కేది హారన్లే అయినా వాటిని వీపుకి కట్టుకుని ఎక్కేవాణ్ణి మాత్రం నేను. ఉద్దానంలో కొబ్బరిచెట్టుకి కొదవలేదు, నా మోకాళ్ళకి చర్మం మిగల్లేదు. కింద మావ ఆంప్లిఫయర్ పక్కన ఇనుప మడతకుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఊళ్ళో మొదటి టీ, మొదటి విస్తరి, ఆడపిల్లల మొదటి చూపు. చెట్టు మీదున్నవాడికి ఎర్రచీమలు. అందుకని ఆ వయసులో నా జీవితాశయం డాక్టరు కావడమూ కాదు, కలెక్టరు కావడమూ కాదు. ఆ కుర్చీ.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళైంది. టెక్కలి సౌండువాడు ఒకడు పెద్దపెద్ద పెట్టెలతో మావ గిరాకీ మీద చెయ్యి వేయసాగాడు. మావకి పౌరుషం వచ్చి, నన్ను వెంటబెట్టుకుని విశాఖపట్నం వెళ్ళి, ఒక మిక్సరూ రెండు పవర్డ్ స్పీకర్లూ కొన్నాడు. పవర్డ్ అంటే ఆంప్లిఫయర్ స్పీకర్ పొట్టలోనే ఉంటుంది. మిక్సర్ నుంచి ఒక తీగ, కరెంటు నుంచి ఒక తీగ పెడితే చాలు. ఈ మాత్రం సంగతి షాపువాడు మావకి ఎంత చెప్పినా ఎక్కలేదు. ఇంటికొచ్చాక అట్టపెట్టెల్లో తల దూర్చి వెతుకుతూనే ఉన్నాడు.

"ఒరే అల్లుడూ, ఆంప్లీ ఏదిరా? నొక్కీసినాడురా షాపోడు!"

"లోపలే ఉన్నాది మావా. దీనికి ఏరేగా అక్కర్నేదు."

"లోపలేటి? మరి నాను దేని మీద సెయ్యెయ్యాల?"

"మిక్సర్ మీద."

మావ మిక్సర్ని ఇడ్లీ ప్లేటుని చూసినట్టు చూశాడు. అన్ని బటన్లు ఆయన జన్మలో చూడలేదు. నేను మాత్రం షాపువాడి దగ్గర ఒక పూట పాఠం విన్నాను కాబట్టి ఆ పాటికే ఇంజనీరునైపోయాను. బస్సు నరసన్నపేట దాటేసరికి షాపువాడు చెప్పింది మొత్తం నాకు వచ్చేసింది. టెక్కలి వచ్చేసరికి వాడు చెప్పనిది కూడా వచ్చేసింది. మెడలో హెడ్‌ఫోన్స్ తగిలించుకునే పలాసలో దిగాను.

ఇక మావకి గత్యంతరం లేకపోయింది. "గంగమ్మ పండగ నువ్వే సెయ్యి," అన్నాడు, దుకాణం మెట్ల మీద కూర్చుని బీడీ ముట్టిస్తూ. "బాగా సేత్తే కుర్సీ నీది, నాను ఇంటికాడ తొంగుంటాను. తేడా వొచ్చిందా, ఆ ఊరోళ్ళు టెక్కలోడి కాడికి పోతారు, నువ్వు మళ్ళీ కొబ్బరిసెట్టు మీదకి పోతావు. అంతే."

ఆ ఊరంటే ఉద్దానం తీరంలో ఒక చేపల వేటగాళ్ళ ఊరు. నా చిన్నప్పటినుంచీ వాళ్ళ గంగమ్మ పండగకి మావ మైకే. అక్కడ రెండు పద్ధతులున్నాయి. ఒకటి, మర్నాడు తెల్లారకముందే పడవలు కదలాలి కాబట్టి కార్యక్రమం ఏదైనా సాయంత్రమే మొదలై భోజనాల వేళకి ముగిసిపోవాలి. రెండోది, ఒక హారన్ ఊరివైపు ఉంటే ఒకటి తప్పకుండా సముద్రంకేసి తిరగాలి. పండగనాడు ఒక్క పడవా వేటకి పోదు. మరి సముద్రానికి ఎందుకు వినిపించాలో మావ ఏనాడూ అడగలేదు. నేనూ అడగలేదు.

కాబట్టి ఎడమ స్పీకరు కొబ్బరితోట మొదట్లో, ఊరివైపు పెట్టాను. అక్కడ ఆడవాళ్ళు చాపలు పరిచారు. కుడి స్పీకరు ఇసుకలో చాలా దూరం మోసుకుపోయి పడవల దగ్గర, నీళ్ళకేసి పెట్టాను. అక్కడ మగవాళ్ళు పడవల అంచుల మీదా వలల గుట్టల మీదా కూర్చున్నారు. మధ్యలో వేదిక, దాని వెనక మిక్సరు, దాని పక్కన కుర్చీ. కుర్చీలో నేను! ముందు మిక్సర్ వేసి, ఆ తర్వాత స్పీకర్లు వేసి, "అందరూ కాస్త ఎనక్కి జరగండి," అన్నాను. జరగాల్సిన అవసరమేమీ లేదు. అంటే బాగుంటుందని అన్నాను. భక్తిపాటల సీడీ పెడితే రెండు పక్కలా గంటలా మోగింది. ఊరి పెద్ద (పంచె ఎప్పుడూ మోకాలి పైకే కట్టే భారీ మనిషి) అటూ ఇటూ నడిచి విని, "సెట్టెక్కకుండానే ఇంత సౌండేటి, బావుందిరా," అన్నాడు. టీ వచ్చింది. మొదటి టీ. కొబ్బరిచెట్టు కింద బీడీ కాలుస్తున్న మావకి రెండోది.

ఆ సాయంత్రం బుర్రకథ. మామూలుగా బుర్రకథకి ముగ్గురుంటారు. ఆ రోజు ఒక వంతగాడికి జ్వరం తగిలి ఇద్దరే వచ్చారు. తంబురాతో కథ చెప్పే కథకుడు ఒకరు, పక్కన డక్కీ వాయిస్తూ హాస్యం చెప్పేవాడు ఒకరు. చెరో మైకు ఇచ్చాను. ఇక్కడే నా ఇంజనీరింగు నిద్రలేచింది. మిక్సర్ మీద ప్రతి మైకుకీ ఒక చిన్న తిప్పే బటన్ ఉంటుంది. దాన్ని నడిమిన ఉంచితే గొంతు రెండు స్పీకర్లలోకీ పోతుంది. పూర్తిగా ఎడమకి తిప్పితే ఎడమదానిలోకే, కుడికి తిప్పితే కుడిదానిలోకే. షాపువాడు, "ఎవరు ఏ పక్క నిలబడితే గొంతు ఆ పక్కనుంచి రావాలి, దాన్నే స్టీరియో అంటారు," అన్నాడు. అతని షాపులో ఆ రెండు స్పీకర్లూ నా రెండు భుజాల పక్కనే ఉన్నాయన్న సంగతి నాకు తట్టలేదు. ఎడమన నిలబడ్డ కథకుణ్ణి పూర్తిగా ఎడమకి తిప్పాను. కుడివైపు హాస్యగాణ్ణి పూర్తిగా కుడికి తిప్పాను. హెడ్‌ఫోన్స్ చెవులకి పెట్టుకుంటే ఒక చెవిలో కథ, ఒక చెవిలో హాస్యం. స్వర్గం! కళ్ళు మూసుకున్నాను.

నేను కళ్ళు మూసుకున్న సమయంలో ఏం జరిగిందో తర్వాత ముక్కలుముక్కలుగా తెలిసింది. తోటవైపు ఆడవాళ్ళకి కథ ఒక్కటే వినబడింది. రాజుగారి కొడుకు యుద్ధానికి బయల్దేరాడు. కథకుడు ఒక మాట చెప్పి ఆగుతాడు, పక్కకి తిరుగుతాడు, ఏమీ వినబడకుండానే తల ఊపుతాడు, మళ్ళీ చెబుతాడు. పాపం కథకుడికి మనసు బాగాలేదు కాబోలనుకుని వాళ్ళు మరింత జాలిపడ్డారు. పడవలవైపు మగవాళ్ళకి హాస్యగాడు ఒక్కడే వినబడ్డాడు. "తందాన తాన!" అంటాడు. కాసేపు అలల చప్పుడు. "ఓలమ్మో! అంత మాటన్నాడా?" మళ్ళీ అలలు. "ఎల్తే ఎల్లాడు గానీ అన్నా, ఆ గంజి తాగీసి ఎల్లకూడదేటి?" ఎవరు వెళ్ళారో, ఎక్కడికి వెళ్ళారో, ఆ గంజి ఎవరిదో వాళ్ళకి ఒక్క ముక్క తెలియదు. తెలియకపోయేకొద్దీ నవ్వు ఎక్కువైంది. వలల గుట్ట మీదనుంచి ఒకాయన దొర్లి పడ్డాడట.

సరిగ్గా అప్పుడే కథలో రాజుగారి కొడుకు చనిపోయాడు. కథకుడు తంబురా గుండెకి హత్తుకుని తల్లి శోకం అందుకున్నాడు. తోటవైపు కొంగులన్నీ కళ్ళ మీదకి వెళ్ళాయి. పడవలవైపు నుంచి ఇంత నవ్వు!

ఒకావిడ లేచి నిలబడింది. "ఏటిరా మగోళ్ళు! తల్లి ఏడుత్తంటే మీకు నవ్వులాటగా ఉన్నాదేటి?"

అటునుంచి జవాబు వచ్చింది. "ఏడుపేటే? ఎవుడు పోనాడు?"

"రాజు కొడుకురా, సచ్చినోడా!"

"రాజేటి? ఈ కథలో రాజున్నాడేటి?"

రెండు పక్కలా జనం ఇసుక రేపుకుంటూ లేచారు. ఎవరో నా చెవుల మీదనుంచి హెడ్‌ఫోన్స్ లాగారు. కళ్ళు తెరిస్తే ఎదురుగా ఊరి పెద్ద, పక్కన చెమటతో మావ. మావ మొహంలో టెక్కలి సౌండువాడు స్పష్టంగా కనబడుతున్నాడు.

"ఏటి సేసినావురా అల్లుడూ?"

సంగతి నాకు అప్పుడే అర్థమైంది. రెండు వేళ్ళతో రెండు బటన్లు నడిమికి తిప్పితే అయిపోయేది. కానీ అలా తిప్పితే తప్పు నాదని ఒప్పుకున్నట్టే, కుర్చీ పోయినట్టే. అందుకని కుర్చీని రెండు చేతులా పట్టుకుని, నా నోటికి పుట్టుకతో అబ్బిన విద్యని వాడాను.

"తప్పు కాదు పెద్దాయనా. కొత్త పద్ధతి. ఇశాపట్నంలో ఇప్పుడంతా ఇదే. ఏడుపు ఒక పక్క, నవ్వు ఒక పక్క. ఎవులికి ఏది కావాలో ఆ పక్కన కూకోవాల. లెఫ్టు ఏడుపు, రైటు నవ్వు."

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. ఆయన ఏదో అనేలోపే తోటవైపు ముందు వరసలోంచి ఒక ముసలమ్మ లేచింది. ఎండుచేపల బుట్టతో పలాస బజారుకి వచ్చే మామ్మే. అందరం మామ్మా అనే పిలిచేవాళ్ళం. చాప చుట్టి చంకలో పెట్టుకుంది.

"ఎక్కడికే మామ్మా?" అన్నాడు పెద్దాయన.

"నవ్వు ఆ పక్కనుందంట కదరా. ముందే సెప్పొద్దేటి? ఏడుపుకి నాకు స్పీకరెందుకురా బావూ, శానా ఏడిసీసినాను," అని ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ పడవలవైపు బయల్దేరింది.

ఆమె వెనక ఇంకొకావిడ. ఆ వెనక ఒక వరస. చూస్తుండగానే తోటవైపు చాపలన్నీ లేచాయి. అటునుంచి మగవాళ్ళు కొందరు, చచ్చిపోయింది ఎవరో తేల్చుకోవడానికి ఇటు వచ్చారు. వచ్చి, అసలు కథ విని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. నా అబద్ధం నా కళ్ళముందే నిజమైపోతోంది. (అంత పెద్ద విజయం నాకు మళ్ళీ దక్కలేదు.) మావ మొహంలో కూడా కాస్త రంగు వచ్చింది.

కానీ వేదిక మీద ఇంకొక మనిషున్నాడు. తన జీవితంలోకెల్లా గొప్ప శోకం పాడుతుంటే ఆడవాళ్ళందరూ లేచి హాస్యగాడివైపు పోవడం కథకుడు చూశాడు. తంబురా దించేశాడు.

"నేనాపేస్తున్నానయ్యా. రాజు కొడుకు నిజంగా చచ్చినా ఇంత అవమానం లేదు."

హాస్యగాడు బిక్కమొహం వేసి, "అన్నా, నేనేం చేశానన్నా?" అన్నాడు. ఆ మాట కూడా పడవల దగ్గరే వినబడింది. వాళ్ళు దానికీ నవ్వారు.

పండగ కథ మధ్యలో ఆగితే గంగమ్మకి కోపం. పెద్దాయన గొంతు మారింది. "ఒరే గుంటడా, నీ ఇశాపట్నం నీ కాడుంచుకో. రెండూ అందరికీ ఇనబడాల." మావ కుర్చీ వైపు చూశాడు, అంతే. నేను లేచాను. ఆయన కూర్చున్నాడు. అయితే ఆ బటన్లలో ఏది ఏదో ఆయనకి తెలీదు కాబట్టి, ఆయన కుర్చీలో కూర్చుని మిక్సర్‌కేసి గంభీరంగా చూస్తుంటే, నేను ఇసుకలో గొంతుక్కూర్చుని, చేతులు పైకి చాపి, రెండు బటన్లూ నడిమికి తిప్పాను.

కథకుణ్ణి బతిమాలారు. మెడలో పూలదండ పడ్డాక ఆయన మెత్తబడి, శోకం మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు. ఈసారి ఊరివైపూ సముద్రంవైపూ ఒకేలా మోగింది. "కొడుకా..." అన్న మొదటి పిలుపు పడవల మీదుగా నీళ్ళలోకి పోయిందో లేదో, ఆ చీకటి పడుతున్న ఒడ్డునుంచి మామ్మ గొంతు, మైకు అక్కర్లేకుండానే, వేదిక దాకా వచ్చింది.

"ఓరి గుంటడా! ఇక్కడికీ అంపీసినావేటిరా!"

ఊరు ఊరంతా నవ్వింది. కథకుడికి కూడా నవ్వాగలేదు. ఒకే నవ్వు, రెండు పక్కలా. మామ్మ మాత్రం చాప మడవలేదు, అక్కడే కూర్చుని కథ చివరిదాకా విన్నది.

ఊరు మాకు దక్కింది, కుర్చీ నాకు దక్కలేదు. మర్నాడు పొద్దున్న ఇంకో ఊళ్ళో పెళ్ళి. మావ పాత హారన్ నా వీపుకి తనే కట్టి, కొబ్బరిచెట్టు చూపించి, "ఎక్కు ఇంజనీరూ," అన్నాడు. ఎక్కాను. చీమలు నన్ను గుర్తుపట్టాయి.

ఆ కుర్చీ చాలా ఏళ్ళకి నాకే వచ్చింది. ఇప్పుడు ఒళ్ళొచ్చేసి చెట్టెక్కమన్నా ఎక్కలేను. కుర్చీలోంచి లేవడానికే పక్కవాడి భుజం కావాలి. ఏడుపు ఒక పక్కకీ నవ్వు ఒక పక్కకీ పంపించేస్తానని ఊరి పెద్ద ముందు బల్ల గుద్ది చెప్పిన ఆ బక్కపలచటి కుర్రాడు గుర్తొస్తే, వాడి ధైర్యానికి ముచ్చటేస్తుంది. ఈ వయసులో నాకు ఏది ఏ పక్కనుంచి వస్తుందో తెలియడం లేదు. నవ్వులవైపే చాప వేసుకుని కూర్చుంటాను. అయినా ఏడుపు అక్కడికీ వచ్చేస్తుంది. అప్పుడు పైకి చూసి, అక్కడ బటన్లు తిప్పుతున్న ఆ ఆపరేటర్‌ని, మామ్మ గొంతుతోనే, "ఇక్కడికీ అంపీసినావేటిరా!" అని ఒక్క కేక వేస్తాను. ఆయనా నాలాంటివాడే అయ్యుంటాడు. జవాబు చెప్పడు, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటాడు.