వెనక్కి చూసే రౌతు

మా ఆయనకు అల్లూరులో ఫర్నిచర్ కొట్టు ఉంది. ఇంట్లో ఒక తెల్ల గుర్రం ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో అది ఊరేగింపులకు పోతుంది. మిగతా రోజుల్లో దాన్ని సముద్రం ఒడ్డున జరిగే పందేలకు తీసుకుపోతాడు, తనే ఎక్కుతాడు. ప్రతిసారీ అందరికన్నా ముందు దూకుతుంది, సగం దూరంలో వెనకబడుతుంది. ఇంటికొచ్చాక తప్పంతా దానిదే.

"దీనికి దమ్ము లేదు" అంటాడు. లాడాలు మార్పించాడు. జీను మార్చాడు. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి మెడలో కట్టాడు.

పక్కన నిలబడి చూసేదాన్ని కాబట్టి నాకు తెలుసు. సగం దూరం పోగానే, వెనక ఎవరొస్తున్నారో అని ఈయన మెడ తిప్పుతాడు. మెడతో పాటు భుజం, దాంతో పాటు నడుమూ తిరుగుతాయి. బరువంతా ఓ పక్కకు ఒరిగిపోతుంది, కళ్లెం బిగుసుకుపోతుంది. అసలే ఇసుక. పాపం ఆ గుర్రం తూలకుండా నిలదొక్కుకోవాలా, పరిగెత్తాలా?

"మీరు వెనక్కి తిరగబట్టే అది ఆగతా ఉండాది" అని ఎన్నిసార్లు చెప్పానో.

"నేనెక్కడ తిరిగినా? ఊరికే కంటికొసతో చూసినా."

ఫోన్‌లో వీడియో తీసి చూపించాను. "గుర్రాన్ని చూడమంటే నన్ను చూస్తావేంది?" అన్నాడు. తల కొట్టుకున్నాను.

మొన్న ఎండాకాలం వాకాడు వైపు తీరంలో పందెం. ఆ ఉదయం లేచేసరికి ఆయనకు మెడ పట్టేసింది. నూనె రాసి రుద్దినా కదల్లేదు. వద్దన్నా వినకుండా ఎక్కాడు. తల తిప్పలేడు కదా, గుర్రం చెవుల మధ్య నుంచి ముందుకే చూస్తూ, ఒళ్లు వంచి కుదురుగా ఉండిపోయాడు. గుర్రం ఎక్కడా తడబడలేదు. మొదటిదిగా గీత దాటింది! చెప్పులు వదిలేసి ఇసుకలో పరిగెత్తాను. ఇప్పటికైనా అర్థమై ఉంటుందనుకున్నాను.

ఆయన మెడ బిగబట్టుకునే దిగాడు. "చూసినావా? కొత్తగా ఉలవలు పెడతా ఉండా. అంతా ఉలవల మహిమ!"

వెనక్కి పోయి నా చెప్పులు వెతుక్కున్నాను.

తర్వాతి పందేనికి మెడనొప్పి తగ్గిపోయింది. సగం దూరంలో యథాప్రకారం తిరిగాడు. గుర్రం చిట్టచివర వచ్చింది.

"దాణా కొట్టాయన పాత ఉలవలు ఇచ్చినాడు" అన్నాడు దిగుతూనే.

చెమటకు తడిసిన గుర్రాన్ని నీడకు తీసుకుపోయి, వీపు తుడిచి, బకెట్‌తో నీళ్లు పెట్టాను. అది తాగుతుంటే ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"రేపట్నించి శనగలు పెడదామా?" అన్నాడు.