తేనెటీగల పని

సర్జాపుర రోడ్డులోని మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద తోట చూసే అవ్వ తెల్లవారుతుండగానే వచ్చేది. గుమ్మడి మగపువ్వు ఒకటి కోసి, రేకులు ఒలిచేసి, పుప్పొడి నిండిన నడిమి కాడను ఒక్కో ఆడపువ్వులో మెల్లగా అద్దేది. అద్దని పువ్వు కింద పిందె పసుపెక్కి రాలిపోయేది.

"తేనెటీగలు చేసే పని నేను చేస్తాండా. యాడికి పోయినాయప్పా అవి?" అని కనబడినప్పుడల్లా నన్నడిగేది.

మా బాల్కనీలో పట్టిన తేనెపట్టుకు మందు కొట్టించింది నేనే. ఆ మాట ఆమెతో అనలేక, ఆఫీసుకు టైమైందని లిఫ్ట్ ఎక్కేసేవాణ్ణి.

మొదటి గుమ్మడికాయ పండగానే ఆమె మా గుమ్మం దగ్గరికి తెచ్చింది.

"ఇది నీకేనప్పా. తేనెపట్టు నీ ఇంటికాడే కదా ఉన్నింది," అంది. గొంతులో కోపం లేదు, నవ్వూ లేదు.

ఆ వారంలోనే ఆమె చనిపోయిందని వాచ్‌మన్ చెప్పాడు.

ఆ కాయను నేనింకా కోయలేదు. రోజూ తెల్లారేసరికి మిద్దెక్కి, ఆమెలాగే పువ్వులు అద్దుతున్నాను. నిన్న ఎక్కణ్ణుంచో ఒకే ఒక్క తేనెటీగ వచ్చి, పుప్పొడి అంటిన నా వేలి మీద వాలింది. నేను చెయ్యి కదపలేదు.

"మందు కొట్టించింది నేనే అవ్వా," అన్నాను.