ఎనిమిది బస్తాల జీతం

మా బ్యాచ్‌లో ఇంగ్లీషు వచ్చినవాళ్లంతా విదేశాలకు వెళ్లారు. ఒకడు మస్కట్‌లో పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నానంటూ ఫోటో పంపాడు. వెనకాల ఏసీ కనబడేలా జాగ్రత్తపడి నిలబడ్డాడు. నేనూ వెళ్లాను. బొబ్బిలి వైపు నుంచి అరకుకి. రైల్లో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ కొండెక్కిన నాకు అదీ విదేశమే. చలి ఉంది, సగం మాటలు అర్థం కావు, నన్ను చూసి జనం 'కిందినించి వచ్చినోడు' అనుకునేవారు. పాస్‌పోర్టు ఒక్కటే ఎవరూ అడగలేదు.

తొంభైల చివరి మాట ఇది. డుంబ్రిగుడ దాటాక ఒక ఊళ్లో రేకుల షెడ్డు కింద ఐదో తరగతి వరకూ ఉన్న ఇంగ్లీషు మీడియం బడి. అందులో ఇంగ్లీషు మాస్టర్ని నేనొక్కణ్ణే. నెలకి పన్నెండు వందలు, ఉండడానికి బడి వెనక గది. గది పక్కనే బడి గోడౌను. బడికి గోడౌను ఎందుకని మొదటి రోజు అడగలేదు. అడగాల్సింది.

బడి యజమానిని కరస్పాండెంట్ గారనేవాళ్లం. నా డిక్షనరీలో ఆ మాటకి ఉత్తరాలు రాసేవాడని అర్థం ఉంది. ఆయన సంతకం తప్ప ఏమీ రాయగా నేను చూడలేదు. కింద నుంచే వచ్చిన మనిషి. ముందు కిరాణా కొట్టు పెట్టి, అది బాగా నడిచాక బడి పెట్టాడు. రెండింటికీ ఒకే నోటుబుక్కు.

అక్కడ పిల్లల ఫీజు డబ్బుగా రావడం తక్కువ. కాఫీ కాలంలో కాఫీ గింజలు, తర్వాత పసుపు, వేసవి మొదట్లో చింతపండు. తల్లులు తలమీద మోసుకొచ్చి గోడౌన్లో దింపేవారు, ఆయన నోటుబుక్కులో రాసుకునేవాడు. సరుకు సంతలో అమ్ముడయ్యాకే మాకు జీతం. జనవరి నుంచి నాకది ఆగిపోయింది.

"సార్, జీతం..." అంటే, "సంతెల్లాక ఇత్తాను మాస్టారూ" అనేవాడు.

సంత వెళ్లింది. మళ్లీ అడిగాను.

"సంతెల్లాక అన్నాను గదా."

"మొన్ననే వెళ్లింది కదండీ."

"అది మన సంత. నానన్నది అరకు సంత."

కొండమీద ఒక్కో ఊరికి ఒక్కో రోజు సంత. వారంలో ఏ రోజు అడిగినా, ఏదో ఒక సంత ఇంకా వెళ్లకుండానే ఉంటుంది. డిగ్రీ చదివిన నాకు ఈ సంగతి అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది.

అంతలో ఏప్రిల్ వచ్చింది, నాకు విజయనగరంలో బి.ఎడ్. సీటు వచ్చింది. మూడు వేలు కట్టాలి, ఇరవై రోజులు గడువు. బి.ఎడ్. లేకపోతే గవర్నమెంటు టీచరు ఉద్యోగానికి దరఖాస్తు ఫారం కూడా ఇవ్వరు. నా దగ్గరున్నది రెండు జతల బట్టలు, ఒక డిక్షనరీ, ఆయన బాకీపడ్డ మూడువేల ఆరువందలు. ఆ డబ్బు రాకపోతే సీటు పోతుంది, మరో ఏడాది ఈ రేకుల కిందే 'ఎ ఫర్ యాపిల్'. ఆ పిల్లలెవరూ యాపిల్ చూడలేదు. నిజానికి నేనూ తిన్నది రెండుసార్లే.

ఉత్తరం రాద్దామనుకున్నాను. ఇంగ్లీషులో. రెండు రోజులు డిక్షనరీతో కుస్తీ పట్టి, 'ఐ యామ్ కన్‌స్ట్రెయిన్డ్' అని మొదలుపెట్టాను. ఆ మాట వాడే అవకాశం నాకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. కవర్లో పెట్టి, అంటించి, ఆయన బల్ల మీద పెట్టాను. చదివి వణికిపోతాడని నా అంచనా.

మర్నాడు పొద్దున్నే పిలిచాడు.

"మాస్టారూ, ఏదో ఇంగ్లీసు ఉత్తరం వొచ్చింది. ఎవురు పంపేరో గానీ గట్టిగానే రాసినట్టున్నారు. సదివి సెప్పండి."

"నేనే రాశాను సార్."

"మీరేనా?" కవరు తిప్పి చూశాడు. "పక్కనే ఉన్నారు గదా, నోటితో సెప్పొచ్చు."

"చాలాసార్లు చెప్పాను సార్."

"అదీ నిజమే" అని ఒప్పుకున్నాడు. "ఇంతకీ ఏటి రాసేరు?"

నా కోపాన్ని నేనే, ఆయన ఎదురుగా నిలబడి, వాక్యం వాక్యంగా తెలుగులో చెప్పాల్సి వచ్చింది. ఇంగ్లీషులో ఉరిమినట్టున్నది తెలుగులో సెలవుచీటీలాగా వినబడింది. కన్‌స్ట్రెయిన్డ్ దగ్గర ఇరుక్కుపోయి, కట్టేసినట్టుగా ఉంది అన్నాను.

"ఎవురు కట్టేసేరు మిమ్మల్ని?" అన్నాడు జాలిగా.

అంతా విని తలూపాడు. "కాయితం వొత్తే కాయితంతోటే జవాబివ్వాల. బడన్నాక పద్ధతుండాల. రాసీండి."

"ఏం రాయాలి సార్?"

"జవాబు. నాకు ఇంగ్లీసు రాదు, ఇక్కడ ఇంగ్లీసు మాస్టరు మీరొక్కరే."

నా ఉత్తరానికి నేనే జవాబు రాసుకోవాలన్నమాట. బుద్ధున్నవాడైతే అక్కడే కుదరదనేవాడు. కానీ 'మీరొక్కరే' అన్న మాట నాకు నచ్చింది. కూర్చున్నాను.

"ఇత్తానని రాయండి. బేగి ఇత్తానని రాయండి" అన్నాడు.

ఇదే అదను అనుకుని 'బేగి' అన్నదాన్ని 'వితిన్ సెవెన్ డేస్' చేశాను. లాయర్ని అయిపోయినట్టు అనిపించింది. 'నీకు రావలసిన జీతమంతా ఏడు రోజుల లోపల చెల్లించబడును' అని ఇంగ్లీషులో అద్భుతంగా కుదిరింది. అయితే వాక్యం చివర మొండిగా ఆగిపోయినట్టుంది. ఏదో తోక కావాలి. అలాంటి కాగితాల్లో పెద్దవాళ్లు వాడే ముక్క ఒకటి గుర్తొచ్చి చేర్చాను: 'ఇన్ క్యాష్ ఆర్ కైండ్'. ఇప్పుడు చదివితే నడక బావుంది.

అర్థం చెప్పమన్నాడు. ఏడు రోజుల దగ్గర మొహం చిట్లించాడు. కొట్టేయమంటాడేమోనని గబగబా చివరికొచ్చాను.

"ఆ ఆఖర్న ఏదో అన్నారు. అదేటి?"

"డబ్బు రూపంలో గానీ వస్తు రూపంలో గానీ అని సార్. ఊరికే, రాతలో అలా అంటారు."

కాసేపు కిటికీలోంచి బయటకి చూశాడు. కిటికీకి ఎదురుగా ఉన్నది గోడౌను. నేనది గమనించలేదు, నా వాక్యాన్ని మళ్లీ చదువుకుంటున్నాను.

"బాగుంది. ఆ ముక్క మరీ బాగుంది" అని సంతకం పెట్టి, స్టాంపు వేసి, కాగితం నాకిచ్చాడు. నా ఇంగ్లీషుని కొండమీద మెచ్చుకున్న మొదటి మనిషి ఆయన.

సరిగ్గా ఏడో రోజు తలుపు తీయబోతే తెరుచుకోలేదు. గట్టిగా తోసి చూస్తే, గుమ్మం ముందు ఎనిమిది బస్తాల చింతపండు.

"మీ జీతం" అన్నాడు కరస్పాండెంట్ గారు. "బస్తా యాభై కేజీలు, కేజీ తొమ్మిది రూపాయలు. ఎనిమిది బస్తాలకి మూడువేల ఆరొందలు. పైసా తేడా లేదు."

"సార్, నాకు డబ్బు కావాలి. చింతపండు కాదు."

"మీరు రాసిందే గదండీ. కైండు."

"సంతకం మీది కదా సార్."

"రాత మీది."

కాగితం తీసి చూసుకుంటే రాత నాదే.

మర్నాడు మన సంత. జీపులో బస్తాలు వేసుకుని వెళ్లి, అల్లం అమ్మేవాళ్ల పక్కన కూర్చున్నాను. మా బడి పిల్లలు దారినపోతూ "గుడ్ మార్నింగ్ సర్" అన్నారు. మధ్యాహ్నం మూడయింది. తప్పు దిద్దే స్థితిలో లేను.

వ్యాపారి ఒకడు వచ్చి, బస్తాలో చెయ్యిపెట్టి, ఒక ముద్ద నలిపి చూశాడు. "ఆరు."

"తొమ్మిది" అన్నాను.

"తొమ్మిదికి నీకెవుడిచ్చేడో ఆడికే అమ్ము" అన్నాడు, చెయ్యి దులుపుకుని.

ఆరు చొప్పున రెండువేల నాలుగువందలు. జీపువాడికి అందులోంచే ఇవ్వాలి. ఫీజుకి ఆరువందలకి పైగా తక్కువ, గడువుకి ఇంకా వారమే. ఎవర్ని అప్పు అడగాలా అని లెక్కేశాను. నాకు అప్పిచ్చేంత పరిచయం ఉన్నవాడు ఆ కొండమీద ఒక్కడే, ఆయన కరస్పాండెంట్.

అప్పుడు మా మూడో తరగతి ఆడపిల్ల ఒకామె తల్లి వచ్చింది. కొర్రలు కొలిచి అమ్ముకుని, మిగిలినవి సంచిలో వేసుకుని ఇంటికి పోతోంది. నన్ను కాదు, బస్తాని చూసి ఆగింది. మూతి దగ్గర కుట్టిన ఎర్రగుడ్డ పీలికని పట్టుకుని, "ఇది నా బస్తా" అంది.

"కాదప్పా, నా జీతం" అన్నాను. అక్కడ అక్కని అప్పా అనే పిలుస్తారు.

"నా బస్తా. మా గుంట ఫీజుకి ఇచ్చినాను. ఈ కుట్టు నాదే." ఇంకో మూడు బస్తాలు చూసి అవెవరివో కూడా చెప్పింది. "నీకెంతకి ఇచ్చినాడు?"

"కేజీ తొమ్మిది."

ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. "నాకు ఐదు రాసినాడు" అంది. తర్వాత సంతలోకి వెళ్లి, పావుగంటలో ఇంకో నలుగురు ఆడవాళ్లతో వచ్చింది. "లే మాస్టరూ, జీపెక్కు."

దారి పొడుగునా నేను ఆయన ముందు చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. న్యాయం, ధర్మం, చట్టం అన్నీ వచ్చాయి. బడి దగ్గర దిగాక నన్నెవరూ ఏమీ అడగలేదు. నన్ను బస్తాలతో పాటు ఒక పక్కన నిలబెట్టారు, సాక్ష్యంగా.

"మాకు ఐదు రాసినావు, మాస్టరికి తొమ్మిది రాసినావు. మాకూ తొమ్మిది రాయి" అంది ఆవిడ.

"అప్పా, అది వేరు, ఇది వేరు."

"ఏటి వేరు?"

"అది ఫీజు. ఇది జీతం."

"చెట్టు ఒకటే కదా."

కరస్పాండెంట్ గారు నా వైపు చూశాడు, ఏదైనా ఇంగ్లీషు మాట సాయం చేస్తానేమోనని. నేను నా చెప్పులకేసి చూసుకున్నాను. ఆయన నోటుబుక్కు తెరిచాడు. అందులో నలభై ఇళ్ల చింతపండు ఉంది. అందరికీ తొమ్మిది రాస్తే ఆ ఏడు ఫీజులు పోను ఆయనే వాళ్లకి ఎదురివ్వాలి. పెదాలు కదుపుతూ ఒక పేజీ లెక్కేశాడు, రెండో పేజీ మధ్యలో ఆపేశాడు.

"మాస్టారికి తొమ్మిదని ఎవురన్నారు? ఆ బస్తాలు దాసమని పెట్టేను. ఆరి జీతం డబ్బే" అని సొరుగు లాగి, మూడువేల ఆరువందలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. మూడు నెలలపాటు ఏ సంతా తేలేని డబ్బు, అన్నాళ్లూ ఆ సొరుగులోనే ఉంది.

నేను కదలబోయాను. వాళ్లు కదల్లేదు. సంత ధర ఆరు, కాబట్టి అందరికీ ఆరు రాయాలన్నారు. ఆయన ఐదున్నర అన్నాడు. ఆవిడ ఏడు అంది. చీకటి పడేలోగా ఆరు దగ్గర ఆగారు, జీపు బాడుగ ఆయన మీద వేసి. ఆవిడకి చదువు రాదు గనక, ప్రతి పేరు ఎదురుగా ఐదు కొట్టేసి ఆరు రాశారో లేదో నన్ను చూడమంది. ఆ సాయంత్రం నేను చేసిన పనల్లా అదే. నలభై ఆర్లు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

బయటికొచ్చాక ఆవిడ కొర్రల సంచి సర్దుకుంటూ అడిగింది, "జూన్‌లో ఎప్పుడొస్తావు?"

జేబులో నోట్లు బరువుగా ఉన్నాయి. రేపు మొదటి రైలుకి దిగి, ఎల్లుండి ఫీజు కట్టేయాలని అప్పటికే నిశ్చయించుకున్నాను. ఆ డబ్బు ఇప్పించిన మనిషి, వాళ్ల గుంటకి వచ్చే ఏడు కూడా నేనే చెబుతాననుకుంటోంది. ఏదైనా తమాషాగా అనేసి తప్పించుకుందామని చూశాను. రాలేదు.

"రానప్పా. ఈ డబ్బుతోటి కింద చదువుకుంటాను. పెద్ద మాస్టరు ఉద్యోగానికి."

నేను ఒక నిష్ఠూరానికి సిద్ధపడి నిలబడ్డాను.

"అయితే ఇంకొకడొస్తాడు" అంది. "వాడికి నువ్వే సెప్పు, జీతం నెలనెలా అడగమని. ప్రతి యేడూ జీపెక్కాలంటే మాకు ఖాళీ ఉండదు."

సంచి తలమీద పెట్టుకుని, మిగతావాళ్లతో కలిసి వెళ్లిపోయింది.