ఈశాన్యంలో మురుగు

మాదాపూర్‌లో అప్పుడు ఎటు చూసినా బండలు పేలుస్తుండేవాళ్ళు. నిన్న గుట్ట ఉన్నచోట ఇవాళ గొయ్యి, ఆర్నెల్లు పోతే అక్కడే అద్దాల మేడ. ఆ దుమ్ములో ఒక చిన్న ఆర్కిటెక్టు ఆఫీసులో నాకు ఉద్యోగం. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా పెద్దాయన, ఆయన కింద మేం నలుగురం. సాఫ్ట్‌వేర్ కంపెనీల భవనాలు గీసేవాళ్ళం. లాబీలూ మెట్లూ మగవాళ్ళకి వెళ్ళేవి. ఖాజాగూడ పక్కన ఒక కంపెనీ కడుతున్న ప్రాంగణంలో మురుగునీటి శుద్ధి కేంద్రం మాత్రం నాకు పడేశారు. ఆడపిల్లవి, ఓపిగ్గా చేస్తావు అన్నారు. ఎవరికీ అక్కర్లేని పని అని దానర్థం.

నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే నాకు పని బాగా వస్తుంది.

అప్పటిదాకా ఎవరు కట్టినా దాన్ని జనరేటర్ వెనకాల, గోడ చాటున దాచేవాళ్ళు. నేను తోటలా గీశాను. మురుగు ముందు మూసిన తొట్లలోకి పోతుంది. అక్కడ మడ్డి దిగి, గాలి పట్టి, ఆపైన మెట్టతామరా తుంగా నాటిన మడుల గుండా మెల్లగా పారి, చివరికి తేటగా బయటికొస్తుంది. ఒక పక్క అద్దపు గోడ పెట్టాను, నల్లటి నీళ్ళు ఎక్కడ తేటబడుతున్నాయో ఎవరైనా నిలబడి చూడొచ్చు. వేప నీడ, రాతిబల్లలు, ఊరివైపు ఒక గేటు. మన ఇళ్ళలోంచి పోయినదాన్ని మనం కళ్ళారా చూడాలి, దాని పక్కన కూర్చుని టీ తాగగలగాలి, అదీ నా పంతం. ఆ టీ ఏదో నువ్వే తాగు తల్లీ అని ఆఫీసులో నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ పెద్దాయనకి బొమ్మ నచ్చింది.

శుద్ధయిన నీళ్ళు ఊరి కుంటలోకి పోవాలి. మధ్యలో ఒకావిడ మడి ఉంది. పాలకూర, మెంతికూర, కొత్తిమీర పండించుకుని బతికేది. చుట్టుపక్కల అందరూ అమ్ముకుని వెళ్ళిపోయినా ఆమె ఆ కాస్త నేలనీ వదల్లేదు. ఆ మడిలోంచి కాలువ తీయనిస్తేనే మా పని సాగేది. కంపెనీ పంపిన మనుషుల్ని ఆమె తిట్టి తరిమేసింది. ఇక నన్ను పంపారు.

నన్నూ తిట్టింది. నేనూ ఊరుకోలేదు, వినకుండా ఆ తిట్లేమిటని గట్టిగానే అడిగాను. ఇద్దరం అలిసిపోయాక గట్టు మీద కూర్చుని డ్రాయింగు పరిచాను. ఆమె గేటు మీద వేలు పెట్టి ఇది ఎవరికని అడిగింది. మీ ఊరికే అన్నాను. తనలాంటిది పోయి ఆ బల్ల మీద కూర్చుంటే వాచ్‌మన్ ఊరుకుంటాడా అని నవ్వింది. కానీ ఎండాకాలంలో ఆమె బావి అడుగంటేది, ఏడాది పొడుగునా నీళ్ళు వస్తాయంటే ఆశ పుట్టింది. అందుకే చివరికి అసలు మాటకొచ్చింది.

"గలీజు నీళ్ళు గిట్ల పంపరు గద చెల్లె? నా పోరగాళ్ళు గీ ఆకే తింటరు."

"పంపరక్కా, నా మాట నమ్ము" అన్నాను.

నా మొహం చూసి ఆమె కాలువ తవ్వనిచ్చింది. కంపెనీ పేరు చెబితే గట్టు కూడా ఎక్కనిచ్చేది కాదు.

పునాదులు తీసే ముందు వాస్తు సిద్ధాంతిగారు వచ్చారు. లోపల కూర్చునేవి కంప్యూటర్లయినా ఆయన తలూపనిదే గునపం దిగేది కాదు ఆ రోజుల్లో. ఈశాన్యంలో మురుగేమిటండీ, కంపెనీ నిలుస్తుందా అన్నారు. వాయవ్యానికి మార్చమన్నారు. వాయవ్యంలో ఉన్నది గుట్ట. స్థలం వాలు మొత్తం ఈశాన్యానికే, కుంట ఉన్నదీ అటే. మురుగు గుట్టెక్కదండీ అన్నాను. మోటార్లున్నాయి కదమ్మా అన్నారాయన. పూటపూటకీ కరెంటు పోయే ఊళ్ళో మోటారు ఆగితే ఏమవుతుందో చెప్పబోయాను. కంపెనీ ఛైర్మన్‌గారు చెయ్యెత్తి నన్ను ఆపేశారు.

అప్పుడు మా పెద్దాయన గొంతు సవరించుకున్నారు. మాటల్లో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఈశాన్యంలో నీళ్ళుండొచ్చు కదండీ అని అమాయకంగా అడిగారు. జలం ఉంటే అంతకన్నా శుభమేముంది అన్నారు సిద్ధాంతిగారు.

"ఇదీ జలమేనండి. శుద్ధయ్యాక నీళ్ళే కదా. మేం దీన్ని జలవనం అంటున్నాం."

ఆ పేరు అప్పటికప్పుడు ఆయన నోట్లో పుట్టింది. సిద్ధాంతిగారు కాసేపు కళ్ళు మూసుకుని, జలవనమైతే దివ్యంగా ఉంటుందన్నారు. సాయంత్రం ఆఫీసులో మిఠాయిలు పంచుకున్నాం. డ్రాయింగుల్లో శుద్ధి కేంద్రం అని ఉన్న చోటల్లా కొట్టేసి జలవనం అని రాశాం. పెద్దాయన తెలివికి అందరికన్నా ఎక్కువ మురిసిపోయిన దాన్ని నేనే.

గోడలు లేచాక ఒకరోజు సైటుకి వెళ్ళాను. పెద్ద మురుగు పైపు నా తోటలోకి రాకుండా, దాని చుట్టూ తిరిగి, కాంపౌండు గోడ దాటిపోతోంది. ఎవరో పొరపాటు పడ్డారనుకుని పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను. పొరపాటేం లేదమ్మా అన్నారు. సిద్ధాంతిగారు మళ్ళీ వచ్చి చూశారట. జలవనంలోకి మలినం రాకూడదన్నారట. మురుగు తగిలితే అక్కడి జలం మైలపడుతుందట.

మురుగు శుద్ధి చేసే చోటికి మురుగు రాకూడదట! ఇంకెక్కడైనా విన్నారా ఈ చోద్యం?

మరి మురుగు తొట్ల సంగతేమిటని అడిగితే, రెండో విడతలో వాయవ్యంలో చూద్దామన్నారు. మెట్టతామరలకి బోరు నీళ్ళు పెడతారట. అద్దపు గోడ అలాగే ఉంటుంది, దాని వెనక ఫౌంటెన్ వస్తుంది. ఇంతకీ ఆ పైపు ఎక్కడికి పోతుందని అడిగాను. గోడ అవతల కాలువ తవ్వి సిద్ధంగా ఉంది కదా అన్నారు.

తిన్నగా ఛైర్మన్‌గారి గదికే వెళ్ళాను. మురుగంతా ఒకావిడ మడిలో పడుతుందండీ, ఆమెకి నేను మాటిచ్చానండీ అని చెప్పాను. ఆయన మడి సంగతి విన్నట్టే లేదు. మురుగు అన్న పదానికి మాత్రం మొహం చిట్లించారు.

"శుభమా అని కొత్త ఆఫీసు తెరుస్తుంటే ఆ మాట ఎందుకండీ మేడమ్?"

బయటికొచ్చాక పెద్దాయన నన్ను ఓదార్చబోయారు. బిల్డింగు లేచింది, మన ఆఫీసుకి పేరొచ్చింది, ఇంకా చిన్నపిల్లలా ఈ గొడవేమిటన్నారు. ఆ నీళ్ళు ఎక్కడ పడతాయో నాకన్నా ఆయనకే బాగా తెలుసు. తెలిసీ అంత ప్రశాంతంగా ఉన్న ఆ మొహం చూస్తే నాకు అసహ్యం వేసింది. ప్రారంభోత్సవం నాడు వచ్చిన పెద్దలంతా జలవనంలో ఫోటోలు దిగారు. ఊరివైపు గేటుకి తాళం వేసి ఉంది. ఆ నెలలోనే ఉద్యోగం మానేశాను. మానేస్తే ఏం ఒరిగింది, పైపు ఆగిందా?

ఆమె ఎదుటికి వెళ్ళే ధైర్యం చలికాలానికి గానీ రాలేదు. మడి కుళ్ళి పాడుబడి ఉంటుందనుకుంటూ వెళ్ళాను. కంపు రోడ్డు మీదికే కొట్టింది. తీరా చూద్దును కదా, పాలకూర ఏపుగా, అరచేతులంత ఆకులతో నిగనిగలాడుతోంది. ఆమె వంగి కోసుకుంటోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు. నేను నిలబడే అంతా చెప్పాను, సిద్ధాంతి, ఆ పేరు, పైపు. చెప్పడం అయ్యాక పిల్లలు ఈ ఆకే తింటున్నారా అని అడిగాను.

"మా ఇంట్ల ఎవ్వలం ముట్టం. బాయి గూడ ఖరాబైంది."

మరి ఇదంతా ఎవరికని అడిగాను. ఆమె కట్ట కట్టి, ఆ కాలువలోనే ముంచి జాడించి, గంపలో పెట్టింది. అప్పుడు నా వైపు చూసింది.

"మాదాపూర్ హాస్టళ్ళకు పోతది, మూసాపేట బజారుకు పోతది. మీరు పంపిందే గద మేడమ్, మీకే పంపుతున్న."

మేం అప్పుడు ఉండేది మూసాపేటలోనే. అంతకుముందు రోజు అమ్మ పాలకూర పప్పు చేసింది. ఈ ఊళ్ళో ఆకు ఎంత లేతగా దొరుకుతుందో అని మెచ్చుకుంది. నేను అడిగి మరీ ఇంకోసారి వేయించుకుని తిన్నాను.