మూడు రాళ్ల నడుమ గుంత

మా పెద్దనాయన కొడుకు మీద నాకింకా కోపం పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు.

ఆలూరు దగ్గర తన బీడులో టెలిస్కోపు పెట్టుకుంటానంటే నవ్వుతూనే ఒప్పుకున్నాడు. నేను ఫోటో తీయాలనుకున్నది చీకటి నెబ్యులాను. అది వెలగదు. నక్షత్రాలకు అడ్డంగా నిలిచిన దుమ్ము మేఘం, అంతే. చిమ్మచీకట్లో రెండు రాత్రులు కెమెరా తెరిచిపెడితే తప్ప దాని అంచులు తేలవు. రెండేళ్లు మబ్బులకే పోయాయి. ఈసారి అమావాస్య నాడూ, మర్నాడూ ఆకాశం శుభ్రంగా దొరికింది. ఆ తర్వాత ఇక వానలే.

అమావాస్య రాత్రి స్టాండు కాళ్ల కింద మూడు చదును రాళ్లు పాతాను. కళ్లకు చీకటి అలవాటు చెడకూడదని తలకు ఎర్రలైటు కట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. గట్టు మీద ఎవరో మసలుతుంటే పక్క చేనికి అడవిపందుల కాపలా అనుకున్నాను. నా తెలివి అట్లా ఏడ్చింది.

మర్నాడు పొద్దుగూకాక వెళ్తే బీడంతా తిరునాళ్లలా వెలిగిపోతోంది. రెండు ట్రాక్టర్ల లైట్లు. నా మూడు రాళ్ల నడుమ నిలువులోతు గుంత, అందులో గడ్డపారతో మా అన్న. గట్టున ఆయన బావమరుదులు.

"ఏందన్నా ఇది?"

"అమావాస్య పూట, ఎర్రలైటు పెట్టుకోని, ఉలుకూ పలుకూ ల్యాకుండా కూచుంటే మాకు తెల్దనుకుంటివా? నిధి యాడుండాదో ఆ గొట్టంలో చూసి, రాళ్లు గుర్తు పెట్టిపోతివి."

"గొట్టం మూతి పైకుండాది కదన్నా!"

వినలేదు. ల్యాప్‌టాప్ తెరిచి నిన్నటి ఫోటో చూపించాను. చుక్కల మధ్య మసగ్గా ఒక నల్లటి మరక.

"ఇదో, గుంత ఈడనే కనిపిస్తాండాది" అన్నాడో బావమరిది.

"లైట్లన్నా ఆర్పన్నా. ఈ రాత్రి పోతే నా ఫోటో పోతాది." సిగ్గు విడిచి బతిమాలాను.

"ఆర్పితే నువ్వొక్కడివే ఎత్తుకోనిపోతావు. ఎంత లోతుండాదో చెప్పప్పా, ఆర్పుతాం."

ఒళ్లు మండిపోయింది. గుంతలోకి తొంగిచూసి, "ఇంకో ఇరవై అడుగులు" అన్నాను.

లైట్లు ఆర్పలేదు. రాత్రంతా తవ్వారు. రాత్రంతా ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. టెలిస్కోపు పెట్టె విప్పకుండా గట్టు మీదే కూర్చుని, వాళ్ల చేతులు బొబ్బలెక్కడం తనివితీరా చూశాను.

తెల్లారాక మా అన్న దుమ్ము కొట్టుకుపోయిన మొహం పైకెత్తి, "ఇంగెన్ని అడుగులప్పా?" అని అడిగాడు.

"ఇంకో పది" అన్నాను.